చీకటమ్మ కెమెరా

బొటనవేలితో గొళ్ళెం నొక్కగానే చెక్కపెట్టె ముందు పలక కిందికి వాలింది. లోపల ముడుచుకుని ఉన్న తోలు తిత్తిని పట్టుకుని ముందుకు లాగితే మడత వెంట మడత విప్పుకుంటూ జానెడు పొడుగు సాగింది. దాని మొనకు లెన్సు, వెనక వైపు గరుకు అద్దం. భోజనం డబ్బా అంత పెట్టె కాస్తా చూస్తుండగానే కెమెరా అయి కూర్చుంది.

"అమ్మ దొంగా! ఇంత ఉన్నావా లోపల?" అంది చీకటమ్మ దానితో.

కౌంటరు దగ్గర ఫోన్లో ఉన్న అన్న చెయ్యి అడ్డం పెట్టుకుని, "నెమ్మదే! విరిగితే ఆయన తీసుకోడు," అన్నాడు. మళ్ళీ గొంతు మార్చి, "ఆఁ, చెక్కు చెదరలేదండీ. ఆదివారం పొద్దున రండి, చూసి పట్టుకెళ్దురుగాని," అన్నాడు ఫోన్లో.

చెక్కు చెదరలేదట! మూతపడ్డ స్టూడియో ఒకదాని సామాను గంపగుత్తగా కొన్నప్పుడు తొట్లతో, దీపాలతో పాటు వచ్చిందది. తిత్తి నిండా సూదిబెజ్జాలు. చీకటి గదిలో దాని లోపల చిన్న బల్బు పెట్టి, వెలుగు కారిన చోటల్లా నల్లరంగు అద్ది, బట్టముక్కలు అంటించి బాగుచేసింది చీకటమ్మే. ఇంతా చేస్తే, పాత కెమెరాలు పోగేసే పెద్దమనిషి ఒకాయన దాన్ని పట్టుకుపోయి అద్దాల బీరువాలో పెట్టుకుంటాడు. వచ్చినవాళ్ళకు చూపించుకుంటాడు. ఇక జన్మలో అది ఫోటో తీయదు. ఆ సంగతి తలుచుకుంటేనే ఆమెకు కడుపు రగిలిపోతోంది.

స్టూడియోలో చీకటి గది పనంతా ఆమెదే. ఫిల్ములు కడగడం, ప్రింట్లు వేయడం, మొహాల మీద మచ్చల్ని సన్న కుంచెతో సరిచేయడం. పొద్దున లోపలికి వెళ్ళి, మధ్యాహ్నం భోజనానికి కళ్ళు చికిలించుకుంటూ బయటికి వచ్చే మనిషిని వీధివాళ్ళు చీకటమ్మ అనక ఇంకేమంటారు?

ఇంతలో ఒక అమ్మాయి గుర్తింపు కార్డు ఫోటో కోసం వచ్చింది. అన్న ఇంకా ఫోన్లోనే ఉన్నాడు. "రామ్మా, నేను తీస్తాను," అంటూ చీకటమ్మ లేచింది. అన్న గబగబా ఫోను పెట్టేశాడు.

"నువ్వు లోపల చూసుకో," అన్నాడు.

కోపంగా అనలేదు. రోజూ అనే మాటే. ఆ అమ్మాయిని స్టూలు మీద కూర్చోబెట్టి, గడ్డం కాస్త పైకి, భుజాలు కాస్త కిందికి అని గాలిలో వేళ్ళు ఆడించి, చిటుక్కున ఫోటో తీసేసి, రీలు చెల్లెలి చేతిలో పెట్టాడు కడగమని. ఆమె అక్కణ్ణుంచి కదల్లేదు.

"అన్నయ్యా, ఈ కెమెరా అమ్మకు."

"ఏం చేసుకుంటావు? ఉప్పు పోసుకుంటావా అందులో?"

"ఫోటోలు తీస్తా. బయటికెళ్ళి."

"నువ్వా! ఎండలోకొస్తే కళ్ళు తెరవలేవు, నువ్వు బయట ఫోటోలు తీస్తావా?" అన్న నవ్వాడు. స్టూలు మీది అమ్మాయి కూడా నవ్వడంతో అతనికి హుషారు ఎక్కింది. "సరే, ఆదివారం ఆయన వచ్చేలోగా దీంతో ఒక్క ఫోటో తీసి చూపించు. గోడకు పెట్టుకునేలా ఉండాలి సుమా. అమ్మను, నీకే ఇచ్చేస్తా. లేకపోతే నోరెత్తకుండా నీ చేత్తోనే మడతపెట్టి ఆయన చేతికివ్వాలి."

"మాట మీద ఉంటావా?"

"ఇదిగో, ఈ అమ్మాయే సాక్షి."

అమ్మాయి బుద్ధిగా తలూపింది. చీకటమ్మ కెమెరాను రెండు చేతులా పట్టుకుని లోపలికి వెళ్ళింది. ఆ సామానులోనే ఒక ఫిల్ము పెట్టె దొరికింది. చీకట్లో తడిమి చూస్తే నాలుగు షీట్లున్నాయి. పాతబడ్డవే, అయినా పనికొస్తాయి. ఇది రీలు వేసుకునే కెమెరా కాదు. అరచేయంత షీటును చీకట్లో ఒక పల్చటి హోల్డరులోకి, వైపుకొకటి చొప్పున, దూర్చి, పైన వెలుగు పడకుండా రేకు మూసి, ఫోటోకొక షీటు చొప్పున వాడాలి. నాలుగు షీట్లంటే నాలుగే ఫోటోలు.

శుక్రవారం మధ్యాహ్నం ప్రింట్ల పని త్వరత్వరగా ముగించి, భుజాన సంచీ, చంకలో మూడు కాళ్ళ స్టాండుతో ఆమె వీధిలో పడింది. ఎదురుకొట్టు దర్జీ మిషను ఆపి మరీ పలకరించాడు.

"ఏం చీకటమ్మా, ఇల్లు మారుతున్నారా?"

"లేదు, ఫోటో తీయడానికి వెళ్తున్నా."

"తీసేదెవరు?"

"నేనే!"

ఆ మాట పైకి అనేసరికి ఒళ్ళు ఝల్లుమంది. మలుపు తిరిగేదాకా మనసులో అదే మాట అనుకుంటూ నడిచింది.

వీధి చివర కలప అడితి ఉంది, దాని పక్కనే కోతమిల్లు. మనిషికి రెండింతల ఎత్తున పేర్చిన పలకలు, వాటి మధ్య సందులు, అంతటా పచ్చి కొయ్య వాసన. మిల్లు మేస్త్రి పెద్దాయన. చెవిలో పెన్సిలు పెట్టుకుని, దుంగల మీద గీతలు గీస్తున్నాడు. ఫోటో తీసుకుంటానంటే, "దేన్ని తీస్తారమ్మా, అన్నీ చెక్కలేగా?" అన్నాడు గాని, అడ్డు చెప్పలేదు.

స్టాండు నిలబెట్టి, కెమెరా బిగించి, ఆమె నల్లగుడ్డ నెత్తిన కప్పుకుంది. మొదట ఏమీ కనపడలేదు. తర్వాత గరుకు అద్దం మీద నెమ్మదిగా వెలుగు తేలింది. ఓరి నాయనో! పలకల దొంతరలు పైనుంచి వేలాడుతున్నాయి. ఆకాశం కింద పరుచుకుని ఉంది. మేస్త్రి కాళ్ళు పైకి, తల కిందికి పెట్టుకుని తాపీగా నడిచి వెళ్తున్నాడు, అదీ వెళ్ళాల్సిన వైపు కాకుండా రెండో వైపుకు. గుడ్డ కింద ఆమె పకపకా నవ్వింది.

"ఏమైందమ్మా?"

"మీరు తలకిందులుగా నడుస్తున్నారు మేస్త్రీ!"

"మా ఆవిడా అదే అంటుంది," అన్నాడాయన.

పక్కనున్న మర తిప్పితే తిత్తి సాగింది, అలుక్కుపోయినట్టున్న పలకలు గీత గీతగా తేటపడ్డాయి. భూతద్దం అద్దానికి ఆనించి చూస్తే కొయ్యలో వలయాలు, మేకు తలలు, ఒక పలక మీద పాకుతున్న చీమ. చీమ! ఇన్నేళ్ళూ ఎవరెవరో చూసి వచ్చినవన్నీ తను కడిగింది. ఇప్పుడు చూస్తున్నది తను. వెలుగు పోతుందేమోనన్న తొందర లేకపోతే సాయంత్రం దాకా ఆ గుడ్డ కిందే ఉండిపోయేది.

గుడ్డ తీసేసి, హోల్డరును వెనక దూర్చి, రేకు పైకి లాగింది.

"కళ్ళు మూసుకున్నారేంటమ్మా?" అన్నాడు మేస్త్రి.

ఆమె ఉలిక్కిపడి కళ్ళు తెరిచింది. నిజమే, మూసుకుంది! చేతికి ఫిల్ము తగిలితే చాలు, కళ్ళు వాటంతటవే మూసుకుపోతాయి. చీకట్లో వాటితో పనేముంది? ఇక్కడ మాత్రం కళ్ళు మూసుకోవడం వల్ల లెన్సును మూసే షట్టరు సంగతి చూసుకోలేదు. చూసుకోవడానికని తెరిచిన లెన్సు అలాగే తెరిచి ఉంది. రేకు లాగడంతోటే వెలుగంతా వెళ్ళి ఫిల్ము మీద పడింది.

"చచ్చాను!" అంటూ నెత్తి కొట్టుకుంది.

రెండోసారి కళ్ళు ఇంతింత చేసుకుని, ఒక్కొక్క పనీ పైకి చెప్పుకుంటూ చేసింది. షట్టరు మూసింది, హోల్డరు తిప్పి పెట్టింది, రేకు లాగింది, షట్టరుకు తగిలించిన వైరు మీట నొక్కింది. లోపల షట్టరు తెరుచుకుని, కాసేపాగి మూసుకుంది. ఆ చప్పుడు ఆమె వేళ్ళకు తెలిసింది. దారి పొడుగునా కూనిరాగం తీస్తూ ఇంటికి వచ్చింది.

సాయంత్రం అన్న రెండు నెగెటివులనూ దీపానికి ఎదురుగా పట్టుకుని చూశాడు. మొదటిది మొత్తం నల్లగా మాడింది. రెండోదాంట్లో ప్రతి పలకా రెండు పలకలైంది. స్టాండు కాలు కింద రంపప్పొట్టు మెత్తగా కుంగిందన్న మాట.

"ఒకటి బొగ్గు, ఒకటి భూకంపం," అన్నాడు అన్న. "ఏం కావాలన్నా దొరుకుతుంది మా చెల్లెలి దగ్గర."

ఏడుపు రావాల్సింది. రాలేదు. ఎక్కడ తప్పిందో తెలిసిపోయాక ఏడుపెందుకు వస్తుంది? రేపు ఎప్పుడు తెల్లవారుతుందా అని ఉంది ఆమెకు.

ఆ పూట వంటింట్లో ఖాళీ హోల్డరుతో సాధన మొదలైంది. వదిన స్టూలు మీద గరిటె పట్టుకుని కూర్చుంది. ఫోటో దిగేదీ ఆమే, పరీక్ష పెట్టేదీ ఆమే.

"షట్టరు?"

"మూశా."

"చూసి చెప్తున్నావా, ఊరికే అంటున్నావా?"

"చూశాను వదినా!"

"అదిగో, మళ్ళీ కళ్ళు మూస్తున్నావు!" వదిన గరిటె కాడతో ఆమె మణికట్టు మీద టక్కున కొట్టింది. ఇద్దరూ విరగబడి నవ్వారు. కూర అడుగంటిన వాసన వచ్చేదాకా పొయ్యి మీద ఏముందో ఇద్దరికీ గుర్తులేదు. ఆఖరికి ఎన్నిసార్లు చేసినా కళ్ళు మూతపడకుండా నిలిచాయి. "నువ్వు ఇంత నవ్వే మనిషివని నాకు తెలీనే తెలీదు," అంది వదిన మాడిన గిన్నె దించుతూ.

శనివారం పొద్దున చీకటమ్మ చీకటి గదిలో మిగిలిన రెండు షీట్లనూ హోల్డరులోకి ఎక్కిస్తోంది. షీటు మూలనున్న గాట్లను వేలితో తడిమి, ఏ వైపు పైకి రావాలో చూసుకుని, ఒకటి దూర్చి రేకు మూసింది. రెండోది చేతిలో ఉంది. అంతలో తలుపు భళ్ళున తెరుచుకుంది.

"అమ్మాయ్! మబ్బంతా పోయింది, ఎండ ఎంత బాగా కాస్తోందో చూద్దువుగాని రా!"

వదిన గుమ్మంలో మొహమంతా వెలిగిపోతూ నిలబడింది. ఆమె వెనక నుంచి ఆ మంచి ఎండే గదినిండా వచ్చి పడింది. చీకటమ్మ చేతిలోని షీటు వైపు ఇద్దరూ చూశారు. వదిన చేత్తో నోరు మూసుకుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"అయ్యో నా చేతులు విరగ! నీకు చెప్పాలని పరిగెత్తుకొచ్చానే..."

చీకటమ్మకు ఒక్క క్షణం ఒళ్ళు మండింది. వదిన మొహం చూశాక ఆ మంట నిలవలేదు. "ఒకటి లోపలుంది వదినా, దానికేం కాలేదు. తీయాల్సింది ఒక్క ఫోటోనేగా," అంది.

వదిన కళ్ళు తుడుచుకుని కొంగు బిగించింది. "నువ్వు వెళ్ళు. సాయంత్రం దాకా కౌంటరు నేను చూస్తా. మీ అన్నయ్య ఏమన్నా అంటే ఆయన సంగతీ నేనే చూస్తా."

శనివారం మిల్లుకు ఒంటిపూట సెలవు. మేస్త్రి తాళం చేతిలో పెట్టుకుని ఎదురొచ్చి, "గేటు దగ్గరకు వేసి వెళ్ళండమ్మా, నేను మళ్ళీ వచ్చి తాళమేస్తా," అని వెళ్ళిపోయాడు. రంపం ఆగిన ఆవరణ నిశ్శబ్దంగా ఉంది. ఆమె మూడు చెక్కముక్కలు ఏరుకొచ్చి స్టాండు కాళ్ళ కింద పెట్టి, తొక్కి చూసింది. కదల్లేదు. ఇక కుంగమను చూద్దాం!

పొద్దు వాలుతుంటే రెండు దొంతరల మధ్య సందులోంచి ఎండ పట్టీలు పట్టీలుగా నేల మీద పడింది. గుడ్డ కింద అది చూసి ఆమె ఊపిరి బిగబట్టింది. ఎంత బాగుందో! ఏదో తక్కువగా కూడా ఉంది. సందు మధ్య ఒక దుంగ అడ్డంగా పడి ఉంది. దాని మీద ఎవరైనా కూర్చుంటే అప్పుడది ఫోటో. మేస్త్రిని ఎందుకు వెళ్ళనిచ్చానా అని తనను తాను తిట్టుకుంది. గేటు వైపు ఎన్నిసార్లు చూసినా పిట్ట మనిషి లేడు. ఎండ పట్టీలు పక్కకు జరుగుతున్నాయి.

గేటు కిర్రుమంది. వచ్చింది అన్న.

"అక్కడ ప్రింట్లన్నీ అలాగే పడున్నాయి, మీ వదిన నన్ను కౌంటరు దగ్గరకే రానివ్వట్లేదు. ఏంటీ చోద్యం? ఆయన రేపు పొద్దున్నే వస్తానన్నాడు. ఇక చాలు, మడతపెట్టు."

"అన్నయ్యా, వెళ్ళి ఆ దుంగ మీద కూర్చో."

"నేనా?"

"నువ్వే. తొందరగా, వెలుగు పోతోంది!"

ఆ గొంతుకు అతను వెళ్ళి కూర్చుని, జుట్టు సవరించుకుని, తన కొట్టుకొచ్చేవాళ్ళ చేత నవ్వించే నవ్వొకటి తెచ్చిపెట్టుకున్నాడు.

"ఆ నవ్వు తీసెయ్."

తీసేశాడు. "చేతులెక్కడ పెట్టుకోను?"

"అందరికీ ఏం చెప్తావు నువ్వు?"

"మోకాళ్ళ మీద పెట్టుకోమంటా."

"పెట్టుకో మరి. ఎలా ఉంది?"

"ఏం బాలేదే. పరాయివాళ్ళ చేతుల్లా ఉన్నాయి." చేతులు తీసి ఒళ్ళో వదిలేశాడు. "నేను ఫోటో దిగి ఎన్నాళ్ళైందో!"

"నీ ఫోటో నేనెప్పుడూ కడగలేదు," అంది ఆమె గుడ్డ కిందనుంచి, అతని కంటికి భూతద్దం ఆనించి మర తిప్పుతూ. రెప్ప వెంట్రుకలు తేటపడ్డాయి.

"ఎంతసేపు కదలకుండా ఉండాలి?"

"పాత ఫిల్ము, తక్కువ వెలుగు. మనసులో నాలుగు లెక్కపెట్టేంత సేపు."

"అంతసేపా! కదిలితే?"

ఆమె గుడ్డ తీసి బయటికి వచ్చింది. "ఇదే ఆఖరి షీటు. కాస్త తల కదిపినా పోయినట్టే. పందెం నువ్వు గెలిచినట్టే. రేపు నా చేత్తోనే మడతపెట్టి ఆయనకిచ్చేస్తా."

అతను ఆమె మొహంలోకి, తర్వాత కెమెరాలోకి చూశాడు. ఊరికే తుమ్మినా చాలు. దగ్గినా చాలు. తప్పెవరిదని ఎవరూ అనరు. ఇద్దరికీ ఆ సంగతి తెలుసు.

ఆమె కళ్ళు తెరుచుకునే ఒక్కొక్క పనీ చేసింది. షట్టరు మూసి, మూసిందని చూసి, హోల్డరు దూర్చి, రేకు లాగింది. వైరు నొక్కి పట్టింది. ఒకటి.

అతని చొక్కా జేబులో ఫోను మోగింది.

నిశ్శబ్దంలో అది గుండెలదిరేలా మోగింది. రెండు. జేబు మీది బట్ట సన్నగా అదురుతోంది. అతను కిందికి చూడలేదు. రెప్ప వేయలేదు. దవడ బిగించి, తిన్నగా లెన్సులోకే చూస్తున్నాడు. ఆమె చేతిలో వైరు చెమటకు జారబోతే గట్టిగా పట్టుకుంది. మూడు. ఫోను ఆగకుండా మోగుతూనే ఉంది. నాలుగు.

"అయిపోయింది."

అతను కదల్లేదు.

"అన్నయ్యా, అయిపోయింది."

"రేకు పెట్టావా?" అన్నాడు పెదవులు మాత్రమే కదిపి.

"పెట్టాను."

అప్పుడు ఊపిరి వదిలాడు. ఫోను తీసి చూసి, మళ్ళీ జేబులో పెట్టేశాడు.

ఇంటికి రాగానే ఆమె చీకటి గదిలో దూరి తలుపు గడియ పెట్టుకుంది. బయట వదిన గొంతు, అటూ ఇటూ తిరుగుతున్న అన్న చెప్పుల చప్పుడు.

"వచ్చిందా?" అన్నాడు అన్న.

"ఇంకా లేదు."

"వచ్చిందేమో చూడవే!"

"తలుపు తట్టారంటే చూడండి, ఇద్దర్నీ చంపేస్తా!"

నెగెటివు ఆరాక ఎర్రదీపం వెలుగులో ముగ్గురూ తొట్టి చుట్టూ చేరారు. తెల్లకాగితం మీద ముందు పలకల నీడలు తేలాయి, తర్వాత దుంగ, తర్వాత మనిషి. గాలికి ఊగిన సాలెగూడు పొగలా చెదిరింది. గడ్డి చెదిరింది. జేబు మీది బట్ట కూడా కొద్దిగా చెదిరింది. మనిషి మాత్రం ఇసుమంత చెదరలేదు. గీసుకోని గడ్డం, తెగిన బొత్తాం, ఒళ్ళో ఊరికే పడున్న చేతులు, ఏదో తేల్చుకున్నవాడిలా ఉన్న ఆ చూపు.

"అన్నం దగ్గర కూడా ఇంత కుదురుగా కూర్చోరు కదండీ మీరు!" అంది వదిన.

అన్న వంగి చాలాసేపు చూశాడు. "నాకు ఇంత జుట్టు తెల్లబడిందా?"

"కుంచెతో సరిచేయనా?" అంది చీకటమ్మ.

"వద్దులే. ఉండనీ," అన్నాడు. ఫోటో బాగుందని గాని, పందెం సంగతి గాని ఒక్క ముక్క మాట్లాడకుండా పడుకోవడానికి వెళ్ళిపోయాడు. ఆమెకు నిద్ర పట్టలేదు.

ఆదివారం పొద్దున్నే పెద్దమనిషి వచ్చాడు. కౌంటరు మీద తెరిచి పెట్టిన కెమెరాను చేతి రుమాలుతో తుడిచి, చెక్కను నిమిరి, "నా బీరువాలో మధ్య అర ఖాళీ చేసి పెట్టా దీనికోసం," అన్నాడు మురిసిపోతూ. తల ఎత్తేసరికి తీగకు వేలాడుతున్న ప్రింటు కనపడింది. దగ్గరికి వెళ్ళాడు. కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నాడు.

"ఇది దీంతో తీసిందేనా? అబ్బబ్బ! మీకింత పనితనం ఉందని నాకు తెలీదండీ," అన్నాడు అన్నతో.

మెచ్చుకుంటే రోజూ వచ్చే చిరునవ్వే అన్న మొహం మీదికి వచ్చింది. చీకటి గది గుమ్మంలో తడిచేతులు తుడుచుకుంటున్న ఆమె అలాగే ఆగిపోయింది. ఇప్పుడు ఏమంటాడు? అన్న ఫోటో వైపు చూశాడు. చిరునవ్వు సగంలో ఆగింది.

"అందులో కూర్చున్నది నేనేనండీ," అన్నాడు. "కూర్చున్నవాడు తీయలేడుగా. మా చెల్లెలు తీసింది." గొంతు సవరించుకున్నాడు. "కెమెరా కూడా ఆవిడదే. నన్నడిగి లాభం లేదు."

ఆమెకు కళ్ళు చెమర్చాయి, నవ్వూ వచ్చింది. పెద్దమనిషి తెల్లబోయి ఇటు తిరిగాడు. "అయితే మీరేమంటారమ్మా?"

ఆమె కౌంటరు దగ్గరకు వచ్చి, తిత్తిని నెమ్మదిగా వెనక్కి నెట్టి, పలక మూసి, గొళ్ళెం బిగించింది. పెద్దమనిషి చేతులు చాచాడు. ఆమె దాన్ని సంచీలో పెట్టుకుని భుజాన వేసుకుంది.

"ఇప్పుడు కుదరదండీ. ఎండ ముదిరితే బాగుండదు, నేను వెళ్ళాలి."

"ఫిల్మే లేదుగా నీ దగ్గర!" అన్నాడు అన్న.

"చూడ్డానికి ఫిల్మెందుకు?" అంటూ ఆమె మెట్లు దిగి, దర్జీ కొట్టు దాటి, చకచకా నడిచిపోతోంది.

అన్న కౌంటరు వెనక నుంచి ఒక్క ఉదుటున బయటికి వచ్చాడు. "స్టాండు మర్చిపోయావే!" అని కేకేస్తూ, పెద్దమనిషిని అక్కడే వదిలేసి, మూడు కాళ్ళ స్టాండు చంకలో పెట్టుకుని ఆమె వెనకాల పరిగెత్తాడు.